నీలాపనింద పోయే దాకా బతుకు ఆపుకోవాలా?



వినాయక చవితి రోజు పూజ అయ్యాక కథ చదువుతారు కదా. చేతిలో అక్షింతలు పట్టుకుని, వంటింట్లోంచి ఉండ్రాళ్ల వాసన వస్తుంటే, ఎప్పుడెప్పుడు అయిపోతుందా అని కూర్చుంటాం. కృష్ణుడు పాలగిన్నెలో చవితి చంద్రుణ్ణి చూడటం, ఆయన మీద నీలాపనింద పడటం, అడవికి వెళ్లి శ్యమంతకమణి తెచ్చి సత్రాజిత్తుకి ఇచ్చేయడం, జాంబవతితో, సత్యభామతో పెళ్లిళ్లు. అక్షింతలు నెత్తిన వేసుకుంటే మనకి ఆ నింద రాదు. శుభం.

ఈ వారం వీడియోలో చెప్పింది ఈ కథే. అందులో పట్టని విషయం ఒకటి మిగిలిపోయింది, అది ఇక్కడ రాస్తున్నాను. అనని మాటకి, చేయని పనికి పేరు పడిపోయినవాడు ఏం చేయాలి? ఆ మచ్చ పోయే దాకా మిగతా బతుకంతా ఆపుకుని పోట్లాడాలా? పట్టించుకోకుండా వెళ్లిపోతే అది వైరాగ్యమా, పిరికితనమా? నాకిది పుస్తకంలో చదివిన ప్రశ్న కాదు కాబట్టి కొంచెం సొంత గొడవ కూడా చెప్పాలి.

నేను బీటెక్ చేసి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మన ఛానల్‌కి స్క్రిప్టులు, ఎడిటింగ్ చూస్తాను, మొహం కనిపించదు. అంతకు ముందు కనిపించేది. 2020 లాక్‌డౌన్‌లో రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలు చదివి తెలుగులో వివరిస్తూ వీడియోలు మొదలుపెట్టాను. అప్పు ఎంత, వడ్డీ ఎంత, కేటాయించింది ఎంత, నిజంగా ఖర్చు పెట్టింది ఎంత, ఇవే. మూడేళ్లలో 2 లక్షల 80 వేల మంది చేరారు. ఎన్నికల ముందు ఒక సంక్షేమ పథకం మీద 43 నిమిషాల వీడియో చేశాను. "ఈ పథకం దండగ అనేవాళ్లు ఏమంటారంటే" అని మొదలుపెట్టి వాళ్ల వాదన నాలుగు నిమిషాలు చెప్పాను. తర్వాత అది ఎక్కడ నిలబడదో ఇరవై నిమిషాలు చెప్పాను. ఒక టీవీ ఛానల్ ఆ నాలుగు నిమిషాల్లోంచి 19 సెకన్లు తీసి రాత్రి డిబేట్‌లో వేసింది. "అనేవాళ్లు ఏమంటారంటే" అన్న ముక్క లేదు. కింద నా ఫొటో, పేదలంటే నాకు చులకన అని ఎర్ర అక్షరాలు. వారం తిరక్కుండా అవతలి వాళ్లు మిగతా ఇరవై నిమిషాల్లోంచి ఇంకో ముక్క కోసి నన్ను వీళ్ల మనిషి అన్నారు. ఏడు రోజుల్లో రెండు పార్టీలకీ పెయిడ్ ఆర్టిస్ట్‌ని అయిపోయాను. రెండు వైపుల నుంచీ రూపాయి రాలేదు, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన శాస్త్ర గ్రంథాలు రాసే పద్ధతి ఏంటి? ముందు పూర్వపక్షం, తర్వాత సిద్ధాంతం. ఎదుటివాడి వాదనని వాడికంటే బాగా చెప్పాలి, ఆ తర్వాతే దాన్ని ఖండించాలి. శంకరుల బ్రహ్మసూత్ర భాష్యంలో సాంఖ్యుల వాదన, వైశేషికుల వాదన, బౌద్ధుల వాదన అన్నీ వరసగా వస్తాయి. అందులోంచి పూర్వపక్షం ఒక్కటే కత్తిరించి రీల్ చేస్తే శంకరులు ఉదయం సాంఖ్యుడు, మధ్యాహ్నం బౌద్ధుడు అయిపోతారు. ఆ కత్తెర లేని రోజుల్లోనే ఆయన్ని ప్రచ్ఛన్న బౌద్ధుడు అన్నారు. అవతలివాడు చెప్పేది వినిపించాకే జవాబు చెప్పడం అనే మర్యాద క్లిప్‌ల కాలంలో ప్రమాదకరమైపోయింది. ఈ నష్టం నా ఒక్కడిది కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కథకి వస్తాను. భాగవతం దశమ స్కంధంలో నింద ఎలా పుట్టిందో చూడండి. కృష్ణుడు ఆ మణిని ఉగ్రసేన మహారాజు కోసం అడిగాడు, సత్రాజిత్తు ఇవ్వలేదు. తర్వాత అతని తమ్ముడు ప్రసేనుడు మణి మెడలో వేసుకుని వేటకి వెళ్లి తిరిగి రాలేదు. అడిగాడు కాబట్టి ఆయనే చంపి ఉంటాడని సత్రాజిత్తు ఒక ఊహ అన్నాడు. దాన్ని జనం ఒకరి చెవిలో ఒకరు గుసగుసగా చెప్పుకుంటూ పోయారు. చూసినవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడైతే 'ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్' అని కనిపించేది.

కృష్ణుడు ఏం చేశాడు? సభ పెట్టి తిట్టలేదు, అలాగని "నేను భగవంతుణ్ణి, నాకేంటి" అని ఊరుకోలేదు. ఊళ్లోవాళ్లని వెంటబెట్టుకుని అడవికి వెళ్లాడు. ప్రసేనుడి శవం, సింహం జాడ, చచ్చిన సింహం, అక్కణ్ణుంచి ఎలుగుబంటి గుహ. సాక్షుల్ని బయట నిలబెట్టి తనొక్కడే లోపలికి వెళ్లాడు. లోపల జాంబవంతుడితో 28 రోజులు యుద్ధం జరిగింది. బయట ఉన్నవాళ్లు 12 రోజులు చూసి, ఇక రాడనుకుని బాధపడుతూ ద్వారకకి వెళ్లిపోయారు.

చిన్నప్పటి నుంచీ విన్న కథే అయినా ఈ 12కీ 28కీ మధ్య ఉన్న పదహారు రోజులు మొన్న స్క్రిప్టు రాస్తున్నప్పుడే నా కంట పడ్డాయి. వెళ్లిపోయినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఆయన కోసం ఏడ్చారు, సత్రాజిత్తుని తిట్టుకున్నారు, దుర్గాదేవిని మొక్కుకున్నారు. కానీ మనిషి ఓపికకి ఒక లెక్క ఉంది. నిజం తేలేటప్పటికి గుహ దగ్గర చూసేవాడు ఎవరూ లేరు. నా విషయంలోనూ పన్నెండో రోజో, అంతకు ముందో జనం వేరే క్లిప్ దగ్గరికి వెళ్లిపోయారు. నన్ను తిట్టినవాళ్లూ వెళ్లిపోయారు, నా తరఫున పోట్లాడినవాళ్లూ వెళ్లిపోయారు. లోపల ఉన్నది నేనొక్కణ్ణే.

గుహ లోపల ఏం జరిగిందో కూడా చెప్తాను, లేకపోతే ఇదేదో గంభీరమైన తపస్సు అనుకుంటారు. రాత్రి రెండింటికి నా పేరు నేనే వెతుక్కోవడం. నోట్స్‌లో జవాబులు రాసి దాచుకోవడం, ఒకటి కాదు, పదకొండు. ఖాతా మూసేశాక కూడా రోడ్డు మీద గుంత కనిపిస్తే ముందు థంబ్‌నెయిల్ కనిపించేది. పేపర్లో ఒక వార్త చదివితే అది మంచిదా చెడ్డదా అని అనిపించే ముందే దాని మీద నేను అనబోయే మొదటి వాక్యం తయారయ్యేది. అయిదు నెలలు పట్టింది, ఒక వార్త చదివి ఊరికే ఊరుకోవడానికి.

"పోరాడాల్సింది కదా బ్రో" అని చాలామంది అన్నారు. పోరాడటానికి దారులు ఉన్నాయి, వాటి సంగతీ తెలుసుకోవాలి. న్యూస్ ఛానళ్లు తమకు తాము పెట్టుకున్న ఎన్‌బీడీఎస్ఏ అనే వ్యవస్థ ఉంది. ముందు ఛానల్‌కి రాయాలి, జవాబు సరిగ్గా లేకపోతే అక్కడికి వెళ్లాలి. అందులో సభ్యత్వం ఉన్న ఛానళ్ల మీదే అది పని చేస్తుంది. క్షమాపణ చెప్పించవచ్చు, వీడియో తీయించవచ్చు, జరిమానా వేయవచ్చు. ఆ జరిమానా గరిష్ఠంగా లక్ష రూపాయలు అని ఉంటే, ఇది సరిపోతుందా అని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే అడిగింది. కోర్టుకి వెళ్లదలిస్తే పరువు నష్టం కింద భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ఉంది. నేను ఛానల్‌కి పూర్తి వీడియో లింకుతో, ఏ నిమిషంలో ఏముందో టేబుల్ వేసి రాశాను. మూడు వారాలకి వాళ్ల క్లిప్ తీసేశారు. అప్పటికే దానికి ఎన్ని కాపీలు ఉన్నాయో లెక్కపెట్టడం నేను మానేశాను.

పెద్ద ఎత్తున పోరాడితే ఏమవుతుందో అమెరికాలో ఒక కుర్రాడి విషయంలో చూశాం. 2019 జనవరి 18న వాషింగ్టన్‌లో లింకన్ మెమోరియల్ దగ్గర, డోలు వాయిస్తున్న ఒక నేటివ్ అమెరికన్ పెద్దాయన ఎదురుగా ట్రంప్ టోపీ పెట్టుకుని నవ్వుతూ నిలబడ్డ నికొలస్ శాండ్‌మన్ క్లిప్ ప్రపంచమంతా తిరిగింది. వాడికి అప్పుడు 16 ఏళ్లు. పెద్దమనిషిని అవమానించాడని వాణ్ణీ, వాడి స్కూల్‌నీ తిట్టిపోశారు. తర్వాత పొడుగు వీడియోలు బయటికొచ్చాయి. అంతకు ముందు అక్కడ ఇంకో గుంపు అందరినీ తిడుతూ ఉందని, ఆ పెద్దాయనే డోలుతో కుర్రాళ్ల గుంపులోకి నడిచి వచ్చాడని కనిపించింది. శాండ్‌మన్ తరఫున దావాలు వేశారు. సీఎన్ఎన్ 2020 జనవరిలో, వాషింగ్టన్ పోస్ట్ అదే ఏడాది జులైలో రాజీ పడ్డాయి, ఎంత ఇచ్చారో చెప్పలేదు. మరో అయిదు సంస్థల మీద వేసిన దావాల్ని 2022 జులైలో జడ్జి కొట్టేశాడు. ఈ మధ్యలో 2020 ఆగస్టులో రిపబ్లికన్ పార్టీ సదస్సులో ప్రసంగం కూడా ఇప్పించారు. వాడు గెలిచాడా అంటే కొంత గెలిచాడనే చెప్పాలి. కానీ ఒక వైపు విలన్‌ని చేస్తే రెండో వైపు హీరోని చేశారు. ఆ ఇద్దరికీ వాడి గురించి తెలిసింది ఆ కొన్ని నిమిషాలే.

అక్కడ నాకు గీతలో ఒక చోటు కొత్తగా అర్థమైంది. ఇలా వదిలేసి వచ్చినవాళ్లకి మనవాళ్లు చెప్పే శ్లోకం ఒకటి ఉంది, రెండో అధ్యాయం 34వది. గౌరవంగా బతికినవాడికి అపకీర్తి చావుకంటే ఎక్కువ అని కృష్ణుడు అర్జునుడితో అంటాడు. ఆ తర్వాత రెండు శ్లోకాల్లో, నువ్వు భయపడి పారిపోయావంటారు, అనరాని మాటలు అంటారు అని కూడా చెప్తాడు. ఇదే కృష్ణుడు పన్నెండో అధ్యాయంలో నిందనీ స్తుతినీ సమానంగా చూసేవాడు నాకు ఇష్టుడు అంటాడు. ఒకటి పట్టుకుంటే రెండోది ఏమవ్వాలి?

నేను అనుకునేది చెప్తాను, ఒప్పుకోవాలని లేదు. 34 చదివి ఆగిపోకూడదు. నాలుగే శ్లోకాల తర్వాత, 38లో, సుఖదుఃఖాలూ లాభనష్టాలూ జయాపజయాలూ సమంగా చేసుకుని యుద్ధం చెయ్యమంటాడు. పేరు పోతుందని చెప్పింది పేరంటే ప్రాణంగా పెరిగిన ఒక క్షత్రియుడికి, అవతల సైన్యం నిలబడి ఉండగా. అది అతను ఉన్న చోటి నుంచి లేపడానికి చెప్పిన మాట. అతన్ని చేర్చాలనుకున్న చోటు పన్నెండో అధ్యాయంలో ఉంది. ఇక సమానం అంటే రెండూ చెవిన పడనట్టు రాయిలా ఉండటం అని నేను అనుకోను. నన్ను తిట్టినవాళ్లు చూసింది 19 సెకన్ల మనిషిని. సరే, నన్ను పొగిడిన 2 లక్షల 80 వేల మంది చూసింది ఎవరిని? మంచి లైటింగ్‌లో, మూడు టేకుల తర్వాత, తడబాటు కట్ చేసిన మనిషిని. నేనే ఎడిట్ చేశాను కాబట్టి ఆ కత్తెరని కత్తెర అనుకోలేదు. రెండు మాటలూ ఇక్కడ లేని మనిషి గురించే. ఇది తెలిశాక నింద నొప్పి తగ్గలేదు గానీ, దానికి మందు పాత పొగడ్తలో వెతుక్కోవడం మాత్రం తగ్గింది.

అలాగని "అంతా మాయ, వదిలెయ్" అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. పరువు అంటే అహంకారం ఒక్కటే అయితే వదిలేయవచ్చు. కానీ ఉద్యోగం ఇచ్చేవాడు పేరు వెతుకుతాడు, ఇల్లు అద్దెకిచ్చేవాడు వెతుకుతాడు. అబద్ధం మన ఒక్కళ్ల మీద ఆగదు, మనల్ని నమ్మినవాళ్ల మీద కూడా పడుతుంది. చూడండి, కృష్ణుడే అంత దూరం నడిచి వెళ్లి మణి తెచ్చి, రాజు ఎదురుగా సభలో సత్రాజిత్తుకి ఇచ్చి, ఎలా దొరికిందో చెప్పాడు. సత్రాజిత్తు సిగ్గుపడి సత్యభామతో పాటు మణి కూడా ఇవ్వబోతే మణి మాత్రం వద్దన్నాడు.

చవితి కథ ఇక్కడ అయిపోతుంది. భాగవతంలో అవ్వదు. అసలు నన్ను పట్టుకున్నది ఆ మిగతా సగమే. లక్క ఇల్లు కాలిందని విని కృష్ణ బలరాములు హస్తినాపురం వెళ్లినప్పుడు, అక్రూరుడు, కృతవర్మ ఎగదోస్తే శతధన్వుడు నిద్రపోతున్న సత్రాజిత్తుని చంపి మణి ఎత్తుకుపోయాడు. భయం పట్టి దాన్ని అక్రూరుడి దగ్గర పడేసి పారిపోయాడు. కృష్ణుడు వెంటాడి మిథిల దగ్గర వాణ్ణి చంపి బట్టలన్నీ వెతికాడు. మణి లేదు. వెళ్లి అన్నయ్యతో చెప్పాడు. బలరాముడు ఎవరి దగ్గరో దాచి ఉంటాడు, నువ్వు వెళ్లి వెతుక్కో అని, తను ద్వారకకి రాకుండా మిథిల రాజు దగ్గర కొన్నేళ్లు ఉండిపోయాడు. తర్వాత కృష్ణుడు అక్రూరుణ్ణి పిలిపించి నవ్వుతూ అంటాడు: మణి నీ దగ్గరే ఉందని తెలుసు, కానీ మా అన్నయ్య ఈ విషయంలో నన్ను పూర్తిగా నమ్మడం లేదు, ఒక్కసారి మనవాళ్లకి చూపించు అని.

సభలో అందరి ముందు ఒకసారి తుడిచేసిన మచ్చే మళ్లీ వచ్చింది. ఈసారి అనుమానించింది ఊరు కాదు, తోడబుట్టినవాడు. కృష్ణుడు విసుక్కోలేదు, "అప్పుడే చెప్పాను కదా" అనలేదు. మళ్లీ చూపించాడు, చూడాల్సిన చుట్టాలకి.

మాకు ఒక బాబాయి ఉన్నాడు, ఖమ్మంలో. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఆ 19 సెకన్లు పెట్టింది ఆయనే, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. నాకు ఛానల్ మీద కంటే ఆ బొమ్మ మీద ఎక్కువ కోపం వచ్చింది. సంక్రాంతికి ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లి పక్కన కూర్చోబెట్టి 43 నిమిషాలూ వేశాను. ఇరవయ్యో నిమిషంలో ఆయనకి కునుకు పట్టింది. లేపితే, "అర్థమైందిలేరా, ఇంత పొడుగు చెప్తే ఎవడు చూస్తాడు" అన్నాడు. నమ్మాడా? తెలీదు. కానీ ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర ఇంకెవరో ఆ మాట ఎత్తితే, "మావాడు అలా అనలేదు, నేను మొత్తం చూశా" అన్నాడు. మొత్తం చూడలేదు. అయినా పర్లేదు.

మొన్న విజయవాడ నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి వాళ్ల నాన్నగారు కాఫీ తాగి కప్పు కింద పెట్టి, "బాబూ, ఆ వీడియోలో అబ్బాయివి నువ్వేనా?" అన్నారు. అమ్మ మొహం చూడాలి. "నేనే అంకుల్" అని జరిగింది పది నిమిషాల్లో చెప్పాను, కావాలంటే పూర్తి వీడియో పంపిస్తానన్నాను. పిల్లనిచ్చేవాడికి అడిగే హక్కు ఉంది, నాకు చెప్పే బాధ్యత ఉంది. ఎక్కడో కూర్చుని ఆ క్లిప్ చూసి మర్చిపోయిన లక్షల మందికి నేను చెప్పాల్సిందేమీ లేదు. వాళ్ల బుర్రలో ఉన్న నా బొమ్మని సరిచేయాలంటే మళ్లీ అదే వేదిక ఎక్కాలి, మళ్లీ పొడుగు మాట చెప్పాలి, మళ్లీ ఎవరో కోస్తారు.

కృష్ణుడు సరిచేయకుండా వదిలేసిన అబద్ధం కూడా ఒకటి ఉంది. జరాసంధుడు 17 సార్లు మథుర మీదికి వచ్చి ఓడిపోయాడు. ఆ తర్వాత ఒక వైపు కాలయవనుడు, ఇంకో వైపు మళ్లీ జరాసంధుడు రాబోతుంటే కృష్ణుడు సముద్రంలో ద్వారక కట్టించి ముందు జనాన్ని అక్కడికి చేర్చాడు. కాలయవనుడి కథ ముగిశాక జరాసంధుడు వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ యుద్ధం వదిలి పరుగెత్తి ఒక కొండెక్కారు. అతను కొండకి నిప్పు పెట్టాడు. వీళ్లు ఎవరికీ కనిపించకుండా దూకి ద్వారకకి వెళ్లిపోయారు. ఇద్దరూ కాలి చచ్చారనుకుని జరాసంధుడు సంబరంగా మగధకి తిరిగి వెళ్లాడు. కృష్ణుడు "నేను బతికే ఉన్నాను" అని కబురు పంపలేదు. గుజరాత్‌లో డాకోర్ గుడిలో స్వామి పేరు రణ్‌ఛోడ్‌రాయ్, అంటే రణం వదిలేసి వెళ్లినవాడు. శత్రువులు వెక్కిరించాల్సిన పేరుతో భక్తులు హారతి ఇస్తున్నారు.

ఇక్కడ గమనించాల్సిన చిన్న విషయం, వదిలేయడానికి ముందే ద్వారక కట్టాడు. వైరల్ అయ్యాం కదా అని ఉద్యోగం మానేద్దామనుకునే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నేను చెప్పే సలహా ఇదొక్కటే. నాకు ఉద్యోగం ఉంది కాబట్టి ఖాతా మూసేయగలిగాను. అదే నా అన్నం అయి ఉంటే ఆ క్లిప్‌ని కూడా అమ్ముకుని బతకాల్సి వచ్చేది.

మంచివాళ్లు వెళ్లిపోతే మైదానం ఎవరి చేతిలో పడుతుంది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. జరాసంధుడి సంగతి కృష్ణుడు మర్చిపోలేదు, చాలా ఏళ్ల తర్వాత భీముణ్ణి తీసుకుని వెళ్లాడు. నేనూ బడ్జెట్ పుస్తకాలు చదవడం మానలేదు. మా కాలనీ నాలా మీద ఆర్టీఐ వేశాను, జవాబు వచ్చింది, పని సగం అయింది. దీనికి వ్యూస్ లేవు. శనివారాలు చిలుకూరు వెళ్తాను. అక్కడ హుండీ ఉండదు, వీఐపీ దర్శనం ఉండదు, 108 ప్రదక్షిణలకి చేతిలో అంకెల కార్డు, పెన్ను. నా చుట్టూ తిరిగేవాళ్లంతా ఎవరి లెక్క వాళ్లు చూసుకుంటుంటారు, మొహాలు చూసే తీరిక ఎవరికీ ఉండదు. మొదట్లో ఎవరైనా గుర్తుపడతారేమోనని మాస్క్ పెట్టుకుని వెళ్లేవాణ్ణి. ఒకరోజు మర్చిపోయి వెళ్లాను, ఏమీ అవ్వలేదు.

విజయవాడ వాళ్లు ఇంకా ఏమీ చెప్పలేదు. వీడియో పంపించమన్నారు, పంపించాను.

అక్రూరుడి గురించి ఒకటి మిగిలింది. మణి అందరికీ చూపించాక కృష్ణుడు దాన్ని తన దగ్గర పెట్టుకోలేదు, భార్య తండ్రి ఆస్తి అని సత్యభామకీ ఇవ్వలేదు. దాచిపెట్టిన అక్రూరుడికే తిరిగి ఇచ్చేశాడు. నాకిది ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎలా చెప్పేవారో రాయండి, వచ్చే వారం వీడియోలో ఆ భాగమే చెప్పుకుందాం.